జమ్మి మొక్కను కంప అని రాశాను

మొన్న ఎండాకాలంలో ఒకమ్మాయి నల్లపాడులో మా ఇంటికి వచ్చింది. అటవీ శాఖలో కొత్తగా బీట్ ఆఫీసరు పోస్టింగు వచ్చిందట. యూనిఫాం మడతలు ఇంకా పోలేదు. "సార్, ఈ ఉద్యోగంలో ముందు ఏం నేర్చుకోవాలండి?" అని అడిగింది. మజ్జిగ ఇచ్చి పంపించాను గాని జవాబు చెప్పలేకపోయాను. ఆమె వెళ్ళాక మూడు రోజులు అదే ఆలోచన. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముప్పై మూడేళ్ళు చెట్ల ఉద్యోగం చేశాను. మా వైపు అడవంటే పులులుండే అడవి కాదు. మిరప చేలకూ పత్తి చేలకూ మధ్య మిగిలిన గుట్టలు, రోడ్డు పక్క చెట్లు, చెరువు కట్టలు, ఎండిన వాగులు. నా బదిలీల గురించీ ప్రమోషన్ల గురించీ రాయను. అవి అందరికీ ఒకటే. ఒక్క వాగు గురించి రాస్తాను. నేను నేర్చుకున్న కాస్తా అక్కడే నేర్చుకున్నాను. చేయకూడనిదీ అక్కడే చేశాను. ఇది చదివితే మీకు ఉత్సాహం రాదు. తెలిసే రాస్తున్నాను.

చుట్టకుదురు

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు నన్ను గుండ్లవాగు మీదికి పంపారు. పర్చూరుకు పడమరగా, పొలాల్లో పడి నడిస్తే వస్తుంది. ఏడాదిలో పది నెలలు అందులో నీళ్ళుండవు. ఇసుక, గుండ్రాళ్ళు, ఒడ్డు వెంట ముసలి జమ్మి చెట్లు, అంతే. వాన గట్టిగా పడితే రెండు రోజులు ఎర్రగా పొంగి పారుతుంది. మూడో రోజుకి మళ్ళీ ఇసుక.

ఒడ్డు కోసుకుపోకుండా రెండు వైపులా జమ్మి నాటమన్నారు. నర్సరీలో నల్ల ప్లాస్టిక్ సంచుల్లో పెంచిన మొక్కలు లారీలో వచ్చాయి. నిటారుగా, ఆకు నిండుగా ఉన్నాయి. తొలకరికి నాటించి, వరసలో నిలబడి ఫొటో కూడా తీయించుకున్నాను.

కాపలాకి ఏసోబును పెట్టారు. పక్క పాలెం మనిషి, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఇరవై మేకలుండేవి. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే. మిగతా ఆరు రోజులూ మాట తక్కువ.

శివరాత్రి నాటికి మొక్కలు వాడాయి. ఉగాది నాటికి ఎండిపోయాయి. నేను వెళ్ళి చూసి మండిపడ్డాను.

"మేకల్ని తోలావా ఇందులోకి?"

ఏసోబు వంగి, ఎండిన మొక్కనొకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. గడ్డిపరక వచ్చినట్టు వచ్చేసింది. దాన్ని తిరగేసి నా ముందు పెట్టాడు.

"వేరు చూడండి సారూ."

వేరు కిందికి దిగలేదు. సంచి అడుగున ఎట్లా తిరిగిందో అట్లాగే గుండ్రంగా చుట్టుకుని ఉంది, కుండ కింద పెట్టే చుట్టకుదురులాగా.

"దీనికి దిగడం తెలవదండి. సంచిలో తిరగడమే తెలుసు. నీళ్ళేమో కిందున్నయ్."

ఆ తర్వాత ఆయన నన్ను వాగులోకి తీసుకెళ్ళి, దానంతట అదే మొలిచిన జమ్మి మొక్కనొకదాన్ని చూపించాడు. జానెడు ఎత్తు. నాలుగు రెమ్మలు. నేనైతే తొక్కుకుంటూ వెళ్ళిపోయేవాణ్ణి. ఇద్దరం గునపం, పార తీసుకుని దాని పక్కన తవ్వాము. మధ్యాహ్నానికి గొయ్యి నా ఛాతీ దాకా వచ్చింది. వేరు ఇంకా కిందికే పోతోంది, తిన్నగా, పెన్సిలు లావున. అడుగున ఇసుక తడిగా, చల్లగా ఉంది.

"ఇంకా తవ్వుదామా అండి?"

"ఎన్నాళ్ళ మొక్క ఇది?"

"రెండు వరదలు చూసిందండి. కింద పని తెమిలిందాకా పైన ఆకు పెట్టదు."

ఆ మొక్క చచ్చిపోయింది. ఒక మొక్కను చంపి ఆ సంగతి నేర్చుకున్నాను. చదువులో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, నేను వినలేదేమో.

మేకల దొడ్లో విత్తనం

మరుసటి ఏడు సంచి మొక్కలు వద్దన్నాను. ఏసోబు భార్య మరియమ్మ ఎండాకాలమంతా మేకల దొడ్లో పెంటికలు ఏరి, ఎండబెట్టి, నలిపి, జల్లెడ పట్టింది. జమ్మి కాయ తిన్న మేక కడుపులోంచి వచ్చిన గింజలవి. ఆ గింజ పెంకు రాయిలాంటిది. అట్లాగే భూమిలో వేస్తే ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. మేక కడుపులో నానితేనో, వరదలో గుండ్రాళ్ళ మధ్య దొర్లి గీసుకుపోతేనో గాని లోపలికి నీళ్ళు దిగవు. నాకు నమ్మకం కుదరక చెట్టున కోసిన కాయల గింజలు కూడా పక్కనే ఒక వరస వేయించాను. ఆ వరసలో ఒక్కటీ మొలవలేదు. మరియమ్మ ఆ ఖాళీ వరస చూసి నవ్వింది.

వరద తీసిన మర్నాడు విత్తాము. ఎక్కడ విత్తాలో ఏసోబు చూపించాడు. ఒడ్డు మీద కాదు, అడుగునా కాదు. నీళ్ళు దిగిపోతూ వదిలిన తడిగీత వెంట. నీళ్ళు తీస్తుంటే ఇసుకలో తడి రోజూ కాస్త కిందికి జారుతుంది. మొలిచిన వేరు ఆ తడి వెంట పడి దిగుతుంది. తడిని అందుకున్న మొక్క బతుకుతుంది. అందుకోలేనిది వారంలో పోతుంది. ఎండిన వాగులో చెట్టు బతకడమంటే ఇదే. మిగతాదంతా దీని తర్వాతే.

పదింట్లో ఒకటి నిలిచింది. ఏసోబు వాటి చుట్టూ ముళ్ళకంప కప్పాడు, తన మేకలు కూడా తినకుండా.

నాలుగేళ్ళ తర్వాత రేంజరు గారు చూడటానికి వచ్చారు. జీపు దిగి వాగులోకి నడిచి చుట్టూ చూశారు.

"మొక్కలెక్కడయ్యా?"

"మీ బూటు పక్కనే ఉంది సార్."

ఆయన కిందికి చూశారు. "ఇదా? నాలుగేళ్ళకి ఇంతేనా? సుబాబుల్ అయితే ఈపాటికి ఇంటి కప్పు దాటేది. రిజిస్టరులో ఎత్తు ఎంతని రాస్తావు?"

"వేరు లోతు రాస్తాను సార్. తవ్వి చూపిస్తాను."

"వేరుకి కాలమ్ లేదుగా."

ఆయన చెడ్డవాడు కాదు. మా పై అధికారుల్లో ఎండలో నడిచిన కొద్దిమందిలో ఒకరు. కాని ఆయన్ని అడిగేవాళ్ళు ఎత్తే అడుగుతారు. మా పని విఫలమైందని రిజిస్టరులో రాశారు. ఏసోబు కాపలా ఉద్యోగం పోయింది. ఆయన మాత్రం రావడం మానలేదు. "మేకలు ఎటూ ఇటే వస్తయ్ గదండీ" అనేవాడు.

ఆ తర్వాత వరసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేశాయి. పత్తి కాయ పట్టకముందే ఎండింది. మిరప తోటలు నిలువునా వాడిపోయాయి. ఆ రెండో ఏడు నడి ఎండాకాలంలో, ఎక్కడా పచ్చన లేని రోజుల్లో, గుండ్లవాగు ఒడ్డున ముసలి జమ్మి చెట్లన్నీ కొత్తాకు వేశాయి. వాగులో మా మొక్కలూ వేశాయి. జనం రెమ్మలు కొట్టుకెళ్ళి గొడ్లకు వేసుకున్నారు. వాగులో ఇసుక తోడి చెలమలు తీసి, ఊరిన నీళ్ళు బిందెలతో ముంచుకున్నారు. నేను ఒక చెలమ పక్కన కూర్చుని, ఏసోబు ఇచ్చిన సద్దిలో సగం తిన్నాను. ఉద్యోగంలో నాకు సంతోషంగా గుర్తున్న రోజు అదొక్కటే.

రెండు గడులు

బదిలీ మీద వెళ్ళి, మళ్ళీ ఆ వైపుకే సెక్షన్ ఆఫీసరుగా వచ్చాను. మా మొక్కలు పదకొండేళ్ళవి అయ్యాయి. మేకలు అందినంత మేర కొరికి గుబురు చేశాయి. నడుమెత్తున్నాయి. ఇక రెండు మూడేళ్ళలో మేకల నోటికి అందకుండా లేస్తాయని ఏసోబు అన్నాడు.

అప్పుడే రోడ్డు పనికి ఇసుక కావాల్సి వచ్చింది. గుండ్లవాగులో ఇసుక తీసుకోవచ్చా అని మమ్మల్ని అడుగుతూ కాగితం వచ్చింది. వాగులో విలువైన చెట్లేమైనా ఉన్నాయా అన్నది మా వంతు ప్రశ్న. అప్పటి మా అధికారి నన్ను పిలిచి, "ఉన్నది ఉన్నట్టు రాసుకురా. పేచీ మాత్రం పెట్టకు" అన్నాడు. ఆ రెండు మాటలూ ఒకేసారి కుదరవని నాకు తెలుసు. సరేనన్నాను.

ఆ ఫారంలో రెండు గడులున్నాయి. ఒకటి చెట్లు. మానుకి ఇంత చుట్టుకొలత ఉంటేనే చెట్టు. రెండోది కంప, అంటే లెక్కలోకి రాని పొదలు. ముసలి జమ్ములు ఒడ్డు మీదున్నాయి, ఇసుక తీసే హద్దు బయట. కాబట్టి వాటితో పని లేదు. లోపలున్నవి మా మొక్కలు. వాటి మాను నా బొటనవేలంత. టేపు రెండో కొస పట్టుకుంది ఏసోబే. రాళ్ళ మీద కాగితం పెట్టుకుని నేను రాస్తుంటే, నా భుజం మీదుగా చదివాడు.

"కంప అని రాశారేంది సారూ?"

"గడి అట్లా ఉంది ఏసోబూ."

"దాంట్లో లేకపోతే మొక్క లేనట్టేనా అండి?"

"ఇసుక మళ్ళీ వరదకి వస్తుంది. ఒకటి రెండు మొక్కలు పోయినా మళ్ళీ విత్తుదాం."

ఆయన టేపు చుట్టి నా చేతికిచ్చాడు.

ఎందుకు రాశానని మీరు అడగొచ్చు. నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఎవరూ బెదిరించలేదు. ఆ కాగితం కింద ఒక పేరా రాసి ఉంటే సరిపోయేది. వీటి వేళ్ళు ఇంత లోతున్నాయి, వీటి వయసు ఇంత, ఈ ఇసుకలోనే ఊరి నీళ్ళున్నాయి అని. రాసినా ఆగేది కాదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఆగేదో లేదో నాకు తెలియదు, ఎందుకంటే నేను రాయలేదు. ఆ రోజు ఎండగా ఉంది. అలసిపోయాను. పేచీపడే ఓపిక లేదు. మనిషి తప్పు చేయడానికి ఇంతకంటే పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పాల్సింది.

పచ్చగా ఉన్న ఏడు

పదకొండేళ్ళ మొక్కల్ని మిషను ఒక పూటలో పెరికేసింది. రెండు ఎండాకాలాలు ఇసుక తోలారు. ఇద్దరు మనుషుల లోతు పోయి, అడుగున బంకమట్టి తేలింది. గోతి గోడల్లో తెగిన వేళ్ళు తాళ్ళలా వేలాడాయి. ఒడ్డు మీది ముసలి చెట్లవి అవి. అంత దూరం వచ్చి ఉన్నాయి.

మరుసటి ఏడు మళ్ళీ తనిఖీకి వెళ్ళాను. ముసలి జమ్ములన్నీ పచ్చగా ఉన్నాయి. ఒడ్డున చెట్లకు హాని జరగలేదని రాశాను. ఏసోబు ఆ రోజు మేకల్తో అక్కడే ఉన్నాడు.

"పచ్చగుండయ్ గదా అని రాస్తున్నారా అండి?"

"కనపడేది అదేగా."

"ఇది అంత తొందరగా బయటపడే చెట్టు కాదు సారూ. నాలుగేళ్ళాగి రండి."

నేను నాలుగేళ్ళు ఆగనక్కర్లేకపోయింది. మూడో ఏడు కొన కొమ్మలు ఎండటం మొదలైంది. ఎండాకాలంలో వేయాల్సిన కొత్తాకు వేయలేదు. వానాకాలంలో కాస్త వేసి రాల్చేసింది. పై నుంచి కిందికి, కొమ్మ తర్వాత కొమ్మ, నిదానంగా పోయాయి. తొందరగా చచ్చే చెట్టయితే జనం గోల పెట్టేవారు. ఇవి ఎంత బలంగా బతికాయంటే, చస్తున్నాయని ఎవరూ నమ్మలేదు. నమ్మేసరికి చెలమలు కూడా పోయాయి. వాగు పక్క మిరప రైతులు బోర్లు మరింత లోతుకు దించారు. ఉన్న కాస్త తడీ ఇంకా కిందికి పోయింది.

ఏసోబు మాత్రం ప్రతి వరదకీ విత్తుతూనే ఉన్నాడు. మరియమ్మ జల్లెడ పడుతూనే ఉంది. మొలకలు వచ్చేవి. రెండు వారాల్లో పోయేవి. ఒకసారి మొలకల్ని పెరికి నా అరచేతిలో పెట్టాడు. వేళ్ళు బెత్తెడు పొడుగున్నాయి. పాపం, అవి చేయాల్సింది చేశాయి.

"తడి వేరుకంటే తొందరగా దిగిపోతంది సారూ. ఇవి పరిగెత్తినా అందటం లా."

"మరి ఎందుకు విత్తుతావు?"

"ఇంకేం చేయమంటారండి?"

నేను జీపెక్కి వెళ్ళిపోయాను.

ఒడ్డు

నేను రిటైరవడానికి ఇంకా ఏడాది ఉండగా, ఒక వరద తీసిన మర్నాడు పొద్దున ఏసోబు గింజల సంచి పట్టుకుని వాగులోకి దిగాడు. కింద ఇసుక లేని ఒడ్డు నీళ్ళకి నాని గుల్లయి ఉంది. చివరికి మిగిలిన ముసలి జమ్ముల్లో ఒకటి ఆ ఒడ్డు మీదుంది. వేళ్ళు ఎండిన చెట్టు ఒడ్డును పట్టి ఉంచలేదు. ఒడ్డూ చెట్టూ కలిసి ఆయన మీద పడ్డాయి. వెనకాలే వచ్చిన మరియమ్మ కేకలు విని మిరప నారు పోస్తున్న కూలీలు పరుగెత్తుకొచ్చి మానును ఎత్తారు. తుంటి ఎముక విరిగింది.

గుంటూరు ఆసుపత్రికి రెండో రోజు వెళ్ళాను. దారి పొడుగునా క్షమించమని ఎట్లా అడగాలా అని మాటలు కూర్చుకున్నాను. మంచం పక్కన మరియమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. ఏసోబు నన్ను చూసి లేవబోయి, లేవలేకపోయాడు. నేను నోరు తెరిచేలోగా ఆయనే అడిగాడు.

"సారూ, అది పడ్డ కాడ వేరు నుంచి చిగురేమన్నా లేచిందేమో చూశారా? జమ్మికి ఒక్కోసారి వేరు నుంచి లేస్తదండి."

నేను వాగు వైపే వెళ్ళలేదు. తిన్నగా ఆఫీసు నుంచి వచ్చాను.

"లేచింది ఏసోబూ. చిన్న చిగురు. చూశాను."

ఆయన నన్ను తల నుంచి చెప్పుల దాకా చూశాడు. "సరేనండి" అని కళ్ళు మూసుకున్నాడు.

నేను కూర్చుకున్న మాటలు చెప్పలేదు. నొప్పితో ఉన్న మనిషికి ఒక మంచి మాట చెప్పాననుకుని, కాస్త తేలిక పడి కూడా వచ్చాను. ఏసోబు మళ్ళీ నడవలేదు. మేకల్ని అమ్మేశారు. ఇంటి ముందు నులక మంచంలో ఏడాదిన్నర ఉన్నాడు. నేను రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ మిరప ధర గురించీ, వానల గురించీ మాట్లాడుకున్నాము. ఆయన చిగురు సంగతి మళ్ళీ అడగలేదు. మరిచిపోయాడనుకున్నాను.

ఆయన పోయిన కబురు ఆలస్యంగా తెలిసింది. మరియమ్మను చూడటానికి వెళ్ళేసరికి పది రోజులు దాటింది. అరుగు మీద కూర్చోమని చాప వేసింది. ఏడవలేదు. ఏం మాట్లాడాలో తెలియక, "చివర్లో ఏమన్నా అన్నాడా అమ్మా?" అని అడిగాను.

"మిమ్మల్ని గురించి అన్నది ఒకటుందండి. ఆసుపత్రిలో మీరు వచ్చెళ్ళినాక అన్నాడు. సారు వాగు కాడికి పోలేదు, చెప్పులకి బంకమట్టి లేదు అని."

నేను తల ఎత్తలేదు.

"నేనన్నాను, పోనీయ్, నీ మంచి కోసమేగా చెప్పారు అని. దానికి ఆయన, నా మంచికి కాదు, సారుకి చూడబుద్ధి కాలేదు, ఎప్పుడూ ఇంతే అన్నాడు. కోపంగా అనలేదు సారూ. మామూలుగా అన్నాడు."

అక్కడి నుంచి లేచి వాగుకు నడిచి వెళ్ళాను. రిటైరయ్యాక వెళ్ళడం అదే మొదలు. గోతుల్లో పచ్చగా పాచి నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఒడ్డు వెంట సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. దాన్ని తప్పించుకుంటూ వాగు రెండు మలుపుల దాకా తిరిగాను. పడిన చెట్ల మొద్దుల్ని జనం ఎప్పుడో వంటకు కొట్టుకుపోయారు. మొద్దులుండాల్సిన చోట్లన్నీ వంగి చూశాను. మట్టి గోకి చూశాను. ఒక్క జమ్మి చిగురు లేదు. పొద్దు వాలేదాకా చూశాను, లేదు.

తిరిగొచ్చి మరియమ్మతో చెప్పాను. "లేదమ్మా. ఎక్కడా ఒక్కటి కూడా లేదు."

ఆమె చాప చుడుతోంది. "తెలుసండి. నేను రోజూ పోయి చూసొచ్చేదాన్ని. లేదని ఆయనకీ రోజూ చెప్పేదాన్ని."